బేసి లెక్క

దేవమాలి మూడోసారి ఎక్కేసరికి
బూటు కింద గడ్డి మాట్లాడ్డం మానేసింది.
పోయిన మార్గశిరంలో మోకాలి దాకా సరసరమన్న వాలు
ఇప్పుడు మొండి కత్తితో గీసిన తల,
అక్కడక్కడా గాట్లు, ఎర్రగా.

జీపులో ఐసు పెట్టె.
సెమిలిగుడ చేపల బజారులో కొన్న ఐసు,
కవ్వళ్ళ వాసనతోనే కొండెక్కింది మా శాస్త్రం.

ప్లాస్టిక్కు తగలకూడదు. తలనూనె చేత్తో ముట్టకూడదు.
మట్టిని రేకు కాగితంలో చుట్టాలి,
పెళ్ళి భోజనంలో మిగిలిన బూరెని పిల్లాడి కోసం చుట్టినట్టు.
నేను వెతికేది మైనం.
ప్రతి గడ్డిపోచా ఒంటికి పూసుకునే పల్చటి మైనం,
వాన జారిపోడానికి, ఎండ లోపలికి రాకుండా.
పోచ ఎండుతుంది, నలుగుతుంది, చెదల పాలవుతుంది.
మైనం మట్టిలో ఉండిపోతుంది
పోయినవాడి పేరు రేషను కార్డులో ఉండిపోయినట్టు.

రెండో గుంట తవ్వుతుంటే సుక్రి పాంగి వచ్చింది మేకలతో.
సాలూరు సంతలో నేర్చిన తెలుగు ఆమెది,
బేరానికీ తిట్టుకీ సరిపోయేంత.
"నీ ఇంటిపేరేటి?"
"గేదెల."
చాలాసేపు నవ్వింది.
"గేదెలోళ్ళ పిల్లవి, మేకల మీద నేరం రాయడానికొచ్చావా?"

రాయడానికి రాలేదని చెప్పాను.
అబద్ధం కాదు. నిజమూ కాదు.
ఫారం నా సంచిలోనే ఉంది.
కారణం అన్న గడిలో 'అతిమేత' ముందే అచ్చయి ఉంది.
నేను నింపాల్సింది తేదీ, సంతకం.

కోరాపుట్‌లో రాత్రి పదింటికి
వెంట్రుక లావు గొట్టంలోంచి, ముప్పై మీటర్ల గొట్టంలోంచి
మైనం ముక్కలు ఒక్కొక్కటే బయటికొస్తాయి
సినిమా హాలు సందులోంచి జనంలా, పొట్టివి ముందు, పొడుగువి వెనక.
తెర మీద శిఖరాలు.
ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ముప్పై మూడు.
మొక్కకి బేసి మీద మోజు,
చదివింపుల కవర్లో రూపాయి బిళ్ళ కలిపే మా మేనత్తలా.
నేల బాగున్నన్నాళ్ళూ బేసి శిఖరాలే పొడుగు.
చెడిందా, సరి సంఖ్యలు మెల్లగా లేచి
అన్నీ ఒకే ఎత్తుకొస్తాయి.
అన్నీ ఒకే ఎత్తయితే దాన్ని కొండ అనరు కదా.

జానెడు లోతున ముప్పై మూడు నిటారుగా ఉంది.
సుక్రి వాళ్ళ అవ్వ నడిచిన గడ్డి అది.
పైపొరలో అది కుంగింది.
దాని పక్కన ఇరవై తొమ్మిది లేచింది, గడ్డిది కాని మైనం,
చెట్టు మైనం.
పన్నెండేళ్ళ కిందట ఇదే శాఖ పచ్చదనం పేరు చెప్పి
వరసలుగా నాటిన సిల్వరోక్ మొక్కల మైనం.
పేడ గుర్తు కోసం ఇంకో పరీక్ష పెట్టాను, రెండుసార్లు.
మేకలు తిరిగిన వాలులోనే గడ్డి ఎక్కువ.
నీడ పడ్డ వాలులో మేకల జాడే లేదు,
గడ్డీ లేదు.

పెద్దసారు కాగితం చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు.
"గడి ఒక్కటే ఉందమ్మా."
గడి కొట్టేసి పక్కన ఖాళీలో రాశాను, చిన్న అక్షరాలతో,
తర్వాత నా సంతకం,
ఇంటిపేరు పూర్తిగా.

అది ఎక్కడికెళ్ళిందో తెలీదు.

వానలు మొదలయ్యాక మళ్ళీ వెళ్ళాను.
నా గుంటలో నీళ్ళు, నీళ్ళలో ఒక కప్ప.
"మట్టి ఏటంది?" అంది సుక్రి.
నీ మేకలు కాదంది, అన్నాను.
ఆశ్చర్యపోలేదు. సంతోషించనూ లేదు.
"మరి గడ్డెప్పుడొస్తాదో సెప్పిందా?"

మైనానికి జరిగిందే గుర్తు.
అది ఆమెకి ఎలా చెప్పాలో
నా తెలుగు చాల్లేదు, ఆమె తెలుగూ చాల్లేదు.

మేకల్ని లెక్కపెట్టుకుంటూ దిగుతోంది.
చలికాలంలో పంతొమ్మిది. రెండు జరిమానాకి పోయాయి.
పదిహేడు.
ఇంకా బేసే.